గడి ఖాళీగా వదలరాదు

ఎల్లారావుని ఎమ్మెల్యేకి నిలబెట్టాలని నూకాలమ్మపేట పెద్దలు తీర్మానించిన రోజున అందరికన్నా ఎక్కువసేపు నవ్వినవాడు ఎల్లారావే. నవ్వీ నవ్వీ, పక్కన ఇంకెవరూ నవ్వడం లేదని గమనించి, కుడుతున్న వల ఒళ్ళోంచి దించి, "నిజంగానేటి?" అన్నాడు.

నిజంగానే. పేట నుంచి సముద్రానికి పోయే దారికి అడ్డంగా ఎవరో గోడ కట్టారు. ఎవరు కట్టారో ఏ ఆఫీసులోనూ చెప్పలేదు. దారి కావాలని రోడ్డు మీద కూర్చుంటే, పోలీసులొచ్చి పేటలో మీసం మొలిచిన ప్రతివాడి మీదా కేసు రాశారు. ఎల్లారావు ఒక్కడే మిగిలాడు. ఆ రోజు అతను చుట్టుదారిన పోయి సముద్రం మీద ఉన్నాడు. అతని మాట ప్రకారమైతే ఒక కోనాం చేప అతని గాలానికి తగులుకుని, తెప్పతో సహా అతన్ని భీమిలి దాకా ఈడ్చుకుపోయి, అక్కడ తన చుట్టాలందరికీ చూపించి, సాయంత్రానికి క్షేమంగా తీసుకొచ్చి దింపింది. పోలీసులకి ఈ సంగతి తెలియదు. వాళ్ళ కాగితాల్లో అతని పేరు లేదు, అంతే.

"కేసున్నోడు నిలబడితే ఫారం సింపేత్తారంట," అన్నాడు కులపెద్ద గురునాథరావు. అది ఆయనకి ఎవరు చెప్పారో గాని, ఫారంలో కేసుల కాలమ్ ఒకటి ఉందని విన్నప్పటి నుంచి ఆయన నమ్మకం అదే. "పేటలో కడిగిన సిప్పలా ఉన్నోడివి నువ్వొక్కడివే. గెలవక్కర్నేదురా. కాయితం మీద పేరుంటే సాలు. పెద్ద పార్టీలోళ్ళే మన గుమ్మం తొక్కుతారు. గోడ సంగతి మాటాడుకున్నాక, నాను సెప్పిన రోజున పోటీలోంచి ఇత్‌డ్రా సేసుకుందువు."

ఎల్లారావు ఏమీ అనలేదు. నీళ్ళ మీద అతని నోటికి అడ్డూ ఆపూ ఉండదు. అలలతో పరాచికాలాడతాడు, చేపల్ని పేరుపెట్టి తిడతాడు. ఒడ్డుకొచ్చి పెద్దల ముందు నిలబడితే మాత్రం కాలి బొటనవేలు ఇసకలో గీతలు గీస్తుందే తప్ప నోరు పెగలదు. అతను ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టేనని పేటలో అందరికీ తెలుసు.

రెండువేల నాలుగు, మార్చి నెలాఖరు. నామినేషన్లు పుచ్చుకునే ఆఫీసు బయట, టార్పాలిన్ నీడలో, రిటైరైన టైపిస్టు శ్రీరామ్మూర్తి తెలుగు మిషను పెట్టుకుని కూర్చున్నాడు. శుక్రవారం నాడు పేట వాళ్ళు ఎల్లారావుని తెచ్చి ఆయన ముందు స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆ ఎన్నికలకి కొత్తగా ఒక ప్రమాణపత్రం వచ్చింది. నిలబడేవాడు తన కేసులూ చదువూ ఆస్తులూ, పెళ్ళాంపిల్లల ఆస్తులూ అన్నీ రాసి, నోటరీ ఎదుట ఒట్టేసి సంతకం పెట్టాలి. శ్రీరామ్మూర్తి కార్బన్ పెట్టి కాగితాలు మిషనులోకి ఎక్కించాడు.

"కేసులు?"

"నేవు బాబూ."

"చదువు?"

"నాలుగు. అయిదులోకి నానెల్లాను గాని, అయిదు నాలోకి రానేదు."

శ్రీరామ్మూర్తి నవ్వాపుకుని నాలుగని కొట్టాడు. "జీవిత భాగస్వామి పేరు?"

"పైడిరాజు."

టైపిస్టు వేళ్ళు గాల్లో ఆగిపోయాయి.

"తెప్పలో నాకు సగం, ఆడికి సగం బాబూ."

"భార్యయ్యా, భార్య!"

ఎల్లారావు తల దించుకున్నాడు. వెనక నిలబడ్డ గురునాథరావు చుట్ట నోట్లోంచి తీసి, "ఆడికి పెళ్ళాం నేదు. నేదని రాసీండి," అన్నాడు.

"పోయిందా?"

"నేదు, నేదు," ఎల్లారావు స్టూలు మీంచి సగం లేచాడు. "బతికే ఉంది. మద్దిలపాలెం డిపో కాడ అట్లేత్తాది. సిలకమ్మ."

"మరి? విడాకులా? కోర్టు కాగితం ఉందా?"

"కోర్టేటి పంతులుగారూ," అన్నాడు గురునాథరావు. "మాం ఒడ్డున కూకుని తెంపేత్తాం. దీన్ని ఉంచుకుంతావా అని మొగుణ్ణి మూడుసార్లడుగుతాం. మూడుసార్లకీ పలక్కపోతే తెగిపోయినట్టే. ఈడు పలకనేదు. ఏడేళ్ళయింది."

"ఏం చేసిందావిడ?"

"మా ఆడోళ్ళు సేపలమ్ముతారు. ఈవిడగారు బస్టాండు కాడ పరాయి మగోళ్ళకి అట్లేసి పెడతానంది. తప్పు కట్టమన్నాం. కట్టనంది."

శ్రీరామ్మూర్తి కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "మీ పంచాయితీ మీకు గొప్పే, నేను కాదనను. నాకు తెలిసి ఈ కాగితానికి మాత్రం కోర్టు ముద్ర కావాలి. అది లేకపోతే ఆవిడ ఇతని భార్యే."

"ఏటన్నారు బాబూ?" అన్నాడు ఎల్లారావు.

"భార్యే అన్నాను."

"ఇంకోపాలి సెప్పండి."

శ్రీరామ్మూర్తి అతని మొహంలోకి చూసి, వేళాకోళం కాదని గ్రహించి, మళ్ళీ చెప్పాడు. ఏడేళ్ళుగా పేటలో ఎవరూ అనని మాట. రేడియోలో వాన కబురు విన్నట్టు, ఎల్లారావు తల కొద్దిగా పక్కకి వంచి విన్నాడు.

"ఆవిడ పేరు మీద నగలు, డబ్బు, బండీ గిండీ ఏమున్నాయో కనుక్కుని రా. గడి ఖాళీగా వదలకూడదు. ఏమీ లేకపోతే లేవనైనా రాయాలి. బుధవారం మూడింటికి తలుపులు మూసేస్తారు."

"అంత గొడవెందుకు? 'వర్తించదు' అని కొట్టీండి," అన్నాడు గురునాథరావు. "తెగిపోయిందని పెద్దరికం మీద నాను సంతకం పెట్టి కాయితమిత్తాను."

"ఒట్టు పెట్టేది అతను. మీరు కాదు," అన్నాడు శ్రీరామ్మూర్తి.

*

శనివారం తెల్లారగానే ఎల్లారావు గెడ్డం గీసుకుని, నామినేషన్ కోసం పేటవాళ్ళు కుట్టించిన తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. నామినేషన్ సోమవారం. చొక్కా శనివారమే ఎందుకు బయటికొచ్చిందని ఎవరూ అడగలేదు గనక అతను చెప్పలేదు.

మద్దిలపాలెం డిపో గోడ పక్కన చిలకమ్మ బండి. మొదటి బస్సులు తీసే డ్రైవర్లూ కండక్టర్లూ దాని చుట్టూ గుమిగూడి ఉన్నారు. ఎల్లారావు అందరి వెనకా నిలబడి, భుజాల సందుల్లోంచి చూశాడు. ఉల్లిపాయ సగం చెక్కని నూనెలో ముంచి పెనం మీద గుండ్రంగా రుద్దింది. చుయ్‌మన్నది. గరిటెడు పిండి మధ్యలో పోసి, గరిటె అడుగుతోనే లోపల్నించి బయటికి తిప్పుకుంటూ పోయింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు చుట్లు. అంచులు లేచేలోగా పక్క పెనం మీది అట్టు తిరగేసింది. చెయ్యి ఎక్కడా ఆగదు. మణికట్టు మీద కాలిన మచ్చలున్నాయి, కొన్ని పాతవి, ఒకటి కొత్తది. పాపిట దగ్గర జుట్టు తెల్లబడింది. అది ఎప్పుడు తెల్లబడిందో అతనికి తెలియదు. పక్కనుండి ఉంటే ఒక్కొక్క వెంట్రుకా తెలిసేది.

వంతు వచ్చింది.

"ఎన్ని?" అంది, తల ఎత్తకుండానే. ఆ తల ఎత్తకపోవడంలోనే, తను వచ్చినట్టు ఆమెకి ఎప్పుడో తెలుసునని అతనికి అర్థమైంది.

"రెండు."

అందరికీ వేసినట్టే వేసింది. అందరికీ పోసినంత చట్నీయే పోసింది. ఎల్లారావు విస్తరాకు ముక్క చేత్తో పట్టుకుని డిపో గోడకి ఆనుకుని తిన్నాడు. ఒక్క ముద్దని ఎంతసేపు నమలొచ్చో అంతసేపూ నమిలాడు. అర్జునరావనే కండక్టరు, నవ్వులాటల మనిషి, "ఏంటి గురూ, అట్టు తింటున్నావా, మొక్కు తీర్చుకుంటున్నావా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా బస్సెక్కి పోయాడు.

జనం పలచబడ్డాక దగ్గరికెళ్ళాడు.

"సిలకా."

"ఇంకో అట్టా?"

"కాదు. నీకేటేటున్నాయో సెప్పాల."

"ఏటీ?"

"నగలు, బండి, బేంకులో డబ్బులు... ఎమ్మెల్యేకి నిలబెడతన్నారు నన్ను. పెళ్ళాం పేరు మీద ఏటున్నాయో రాయమని ఫారంలో ఉంది."

చిలకమ్మ అట్లకాడ పెనం మీద పెట్టేసి, నడుం మీద చెయ్యేసుకుని, మొదటిసారి అతన్ని పూర్తిగా చూసింది. కొత్త చొక్కా, గీసుకున్న గెడ్డం, చెవి దగ్గర మిగిలిపోయిన సబ్బునురగ అన్నీ చూసింది.

"ఏడేళ్ళకొచ్చావు. బతికున్నావా అని అడగనేదు. మోకాలు నొప్పి తగ్గిందా అని అడగనేదు. నగలెన్నున్నాయని అడుగుతన్నావు."

"నానడగడం కాదు, ఫారం..."

"అదే సెప్తన్నాను. ఫారం పంపితే వచ్చావు. నీ అంతట నువ్వు రానేదు. ఆ రోజు పెద్దోళ్ళు మూడుసార్లడిగినా నీ నోరు లెగనేదు. ఇయేళ కాయితమడిగితే పలుకుతన్నావు. నీకంటూ ఓ నోరుందా, నేదా?"

ఎల్లారావు బొటనవేలు కింద గీతలు గీయబోయింది. అక్కడ ఇసక లేదు, తారు రోడ్డు.

"నీ ఫారానికి సెప్పు, సిలకమ్మకి సెప్పబుద్ది కానేదని." అతనిచ్చిన నోటు తీసుకుంది. చిల్లర అతని చేతిలో పెట్టలేదు, బండి అంచు మీద పెట్టింది.

అతను చిల్లర తీసుకుని రోడ్డు దాటి బస్టాపులో నిలబడ్డాడు. పేటకి పోయే బస్సులు వచ్చాయి, పోయాయి. పెనం చల్లారాక ఆమె ఇటుకముక్కతో తోమడం, నీళ్ళు కాలవలోకి ఒంపడం, పిండి గిన్నెని చీరకొంగుతో తుడవడం, మోకాలి మీద ఒకసారి చెయ్యి ఆనించి లేవడం చూశాడు. సముద్రం మీద చేప జాడ కోసం గంటల తరబడి నీళ్ళలోకి చూసే మనిషికి చూడ్డం కొత్త కాదు. అయితే అక్కడ ఎప్పుడో ఒకప్పుడు వల వెయ్యొచ్చు. ఇక్కడ చేతిలో ఏమీ లేదు. మధ్యాహ్నం ఆమె బండి తోసుకుంటూ సందులోకి మలుపు తిరిగాక, బస్సు ఎక్కకుండా నడుచుకుంటూ పేటకి పోయాడు.

*

సోమవారం బలపరిచేవాళ్ళు పదిమందీ వచ్చారు. పార్టీ లేనివాడికి ఆ నియోజకవర్గం ఓటర్లే పదిమంది బలపరచాలి. ఎనిమిది మంది పేటలోనే సంతకాలు పెట్టేశారు. వేలిముద్రవాళ్ళిద్దరు మాత్రం అధికారి కళ్ళెదుటే ముద్ర వెయ్యాలి. వాళ్ళలో ముసలి పోతమ్మ బస్సు దిగేసరికే వాంతి చేసుకుంది. గురునాథరావు ఆమెకి సోడా తాగించడానికి బడ్డీ దగ్గరికి తీసుకెళ్ళాడు. వెళ్ళేముందు రెండు కాగితాలు ఎల్లారావు జేబులో కుక్కాడు. ఒకటి పెళ్ళాం తెగిపోయిందని పెద్దల సంతకాలతో ఉన్నది. రెండోది ఇత్‌డ్రా ఫారం, తేదీ తప్ప అన్నీ నింపినది.

"కనుక్కున్నావా?" అన్నాడు శ్రీరామ్మూర్తి.

"అడిగాను. సెప్పబుద్ది కానేదంది."

"మరి వర్తించదని కొట్టేదా? ఆ జేబులోది పెద్దాయన ఇచ్చిన కాగితమేనా?"

ఎల్లారావు బడ్డీ వైపు చూశాడు. పోతమ్మ ఇంకా సోడా తాగుతోంది.

"పేరు కొట్టీండి బాబూ. సిలకమ్మ అని."

"ఆస్తులు?"

"నేవని కొట్టీండి."

"లేవా, నీకు తెలియదా? రెండూ ఒకటి కాదు ఎల్లారావూ."

"అట్లేసుకునే మడిసి. ఏటుంతాయి బాబూ? పేరు మట్టుకు బాగా నల్లగా కొట్టండి."

మిషను టకటకలాడింది. నగల గడిలో లేవు, వాహనాల గడిలో లేవు, బ్యాంకు గడిలో లేవు. వరసగా అన్నీ లేవు. ఆ లేవుల పైన, రిబ్బను కొత్తది కావడంతో నల్లగా మెరుస్తూ, చిలకమ్మ. నోటరీ ముద్ర పడింది.

లోపల గుమస్తా గుణశేఖర్ గుర్తుల జాబితా ముందు పెట్టి, మూడు ఎంచుకోమన్నాడు.

"సేప నేదా బాబూ?"

"ప్రాణమున్నవాటి బొమ్మలు ఇవ్వకూడదు."

"మా కాడికొచ్చేసరికి వాటికి పేణముండదు బాబూ."

పక్క టేబుల్ వాళ్ళు కూడా నవ్వారు. ఎల్లారావు కుట్టుమిషను, కుళాయి, గాలిపటం అని చెప్పాడు. పోతమ్మ బొటనవేలు సిరా దిండు మీద నొక్కి, ఎంత గట్టిగా ముద్ర వేసిందంటే కాగితం అవతలికి దిగింది. తరవాత అధికారి ఎదుట నిలబడి ప్రమాణం చదవాలి. "ఎల్లారావు అనే నేను" దాకా వచ్చి ఆగాడు. గుణశేఖర్ గ్లాసుడు నీళ్ళిచ్చాడు. తాగి, అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ చివరిదాకా చదివేశాడు.

ఎవరెవరు ఏమేం ఆస్తులు చూపించారో జనం చూసుకోవడానికి ఆ కాగితాల నకలు ఆఫీసు నోటీసు బోర్డుకి అంటిస్తారు. ఆ సంగతి పేటలో ఎవరికీ తెలియదు. గుణశేఖర్ జిగురు గిన్నెతో వచ్చి ఎల్లారావు కాగితాలు అంటించి పోయాక, గురునాథరావు దగ్గరికెళ్ళి కూడబలుక్కుంటూ చదివాడు. సగంలో ఆగిపోయాడు. చుట్ట పారేశాడు.

"ఏట్రా ఇది?"

"ఫారంలో గడుంది మావా."

"నానిచ్చిన కాయితమేదీ?"

"జేబులో ఉంది."

"పెద్దోళ్ళం పదిమందిమి కూకుని తెంపితే, ఊరందరికీ కనపడేలాగ గోడకంటిత్తావేట్రా? మన మాటకి ఇలువేటింక?" వెనకాల పేటవాళ్ళందరూ ఆ నల్లటి పేరు వంకా ఎల్లారావు వంకా మార్చి మార్చి చూస్తున్నారు. "గోడ గొడవ తరవాత. శుక్రవారం పొద్దున్నే ఆ ఇత్‌డ్రా ఫారం ఇచ్చీ. ఇవ్వకపోతే నీ తెప్ప ఒడ్డెక్కదు, సెప్తన్నాను."

ఎల్లారావు ఏమీ అనలేదు. ఎప్పటిలాగే ఒప్పుకున్నాడనుకుని వాళ్ళు బస్సెక్కారు.

మంగళవారం అతను సముద్రం మీదికి పోలేదు. ఆఫీసుకి వచ్చి బోర్డు ముందు నిలబడ్డాడు. పక్కన పెద్ద పెద్ద వాళ్ళ కాగితాలున్నాయి, కార్లు, ఇళ్ళు, కిలోల లెక్కన బంగారం. అతనిదొక్కటే అన్నీ లేవులు. అతను చదువుకుంటున్నది ఒక్క మాటే. మూల కొద్దిగా లేస్తే వేలితో నొక్కాడు.

కానిస్టేబుల్ లాఠీతో బోర్డు మీద తట్టాడు. "ఏంటయ్యా, చించుతావా?"

"సదువుకుంతన్నాను బాబూ."

"పొద్దుట్నించీనా? అదేమైనా భారతమా?"

"నా పెళ్ళాం పేరుంది," అన్నాడు ఎల్లారావు. ఆ మాట ఎవరితోనైనా అనొచ్చునని, అంటే ఆకాశం విరిగి మీద పడదని అప్పుడే తెలిసినట్టు, ఇంకాస్త గట్టిగా, "ఇదిగో, ఇక్కడ," అని వేలు పెట్టి చూపించాడు.

*

బుధవారం ఒంటిగంటన్నరకి చిలకమ్మ వచ్చింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, చేతిసంచి చంకలో పెట్టుకుని, కాలు ఒకవైపు ఈడుస్తూ కూడా గాలివానలా వచ్చింది. వెనకాల కండక్టరు అర్జునరావు. మంగళవారం సాయంత్రం బోర్డు ముందు ఎల్లారావుని గుర్తుపట్టి, కాగితం చదివి డిపో అంతా టముకు వేసింది ఆయనే.

"ఏదీ కాయితం? సదువు," అంది అర్జునరావుతో. "గట్టిగా."

"చిలకమ్మ, భార్య. నగలు, లేవు. వాహనాలు, లేవు. బ్యాంకు డిపాజిట్లు, లేవు..."

ఒక్కొక్క 'లేవు'కీ ఆమె గెడ్డం ఒక్కొక్క అంగుళం పైకి లేచింది. అన్నీ అయ్యాక ఎల్లారావు వైపు తిరిగింది.

"నాకేటీ నేదని ఒట్టేసావా?"

"నువ్వు సెప్పనేదు..."

"సెప్పకపోతే బికారిదాన్నయిపోతానా? ఏడేళ్ళు నిప్పుల కాడ నిలబడ్డాను. ఎవుడి కాడా సెయ్యి సాపనేదు. ఎమ్మెల్యేగారి పెళ్ళానికి అట్లకాడ కూడా నేదంటగా అని డిపోలో డ్రైవర్లందరూ నవ్వుతన్నారు. ఈ గోడకంటించి నా పరువు తీసావు!"

"పెళ్ళామని రాసినందుక్కాదా కోపం?"

చిలకమ్మ సంచి ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చింది. "ముందా లేవుల సంగతి తేల్చు."

శ్రీరామ్మూర్తి టార్పాలిన్ కింది నుంచే పిలిచాడు. "తేల్చాల్సిందే. ఉన్నవి లేవని ఒట్టేస్తే తప్పుడు ప్రమాణం అవుతుంది, కేసులు లేనివాడికి కేసు తగులుకుంటుంది. ఇంకా గంటన్నర ఉంది. కొత్త ప్రమాణపత్రం వెయ్యొచ్చు. అమ్మా, ఇలా కూర్చోండి." కాగితం ఎక్కించి, మిషను మీద చేతులు పెట్టి, ఆమె వైపు చూశాడు. "ఒక్క మాట. ఇతని కాగితంలో మీ ఆస్తి రాయాలంటే మీరు ఇతని భార్య అయి ఉండాలి. కాదంటే చెప్పండి, పెద్దలిచ్చిన కాగితం జతచేసి, వర్తించదని కొట్టేస్తాను. అప్పుడు మీకు బండి ఉందో బంగారం ఉందో ఎవరికీ చెప్పక్కర్లేదు. రెండిట్లో ఏదో మీరే తేల్చండి."

మిషను ఆగి ఉంది. చిలకమ్మ స్టూలు అంచు మీద కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, దాని తాడు వేలికి చుట్టడం మొదలుపెట్టింది.

ఎల్లారావు ఆమె ఎదురుగా వచ్చి గొంతుక్కూర్చున్నాడు. తెల్ల చొక్కా మూడు రోజుల చెమటకి నలిగిపోయి ఉంది.

"ఇది ఫారం అడగనేదు," అన్నాడు. "నానే అడుగుతన్నాను. నీ మోకాలు నొప్పి తగ్గిందా?"

ఆమె తాడు చుట్టడం ఆపింది. టైపిస్టు వైపు తిరిగి, "రాసుకోండి," అంది. "తోపుడు బండి ఒకటి. నా సొంతం, అద్దెది కాదు."

మిషను ఒక్కసారిగా మొదలైంది.

"పెనాలు రెండు. ఇనపవి."

"పెనాలు రాయక్కర్లేదమ్మా."

"అయే కదా నాకు కూడెట్టింది. రాయండి."

శ్రీరామ్మూర్తి 'ఇతరములు' గడిలో రాశాడు. కిరసనాయిలు పొయ్యిలు రెండు. చెవి కమ్మలు ఒక జత, సొంత సంపాదన. 'సొంత సంపాదన' అని రాయక్కర్లేదని ఆయన చెప్పబోయి, ఆమె మొహం చూసి అదీ రాశాడు. తరవాత ఆమె సంచిలోంచి పోస్టాఫీసు పుస్తకం తీసి ఇచ్చింది. శ్రీరామ్మూర్తి దాన్ని తిప్పి, మొదటి పేజీ దగ్గర ఆగాడు.

"ఇది తీసి నాలుగేళ్ళే అయినట్టుందే."

"అవును."

"పేరు చిలకమ్మ. భర్త పేరు..." ఆయన కళ్ళజోడు పైనుంచి ఎల్లారావు వైపు చూసి, తక్కింది చదవకుండా పుస్తకం అతని ముందుకి తోశాడు. నాలుగో తరగతి చదువు చాలు, తన పేరు తను చదువుకోవడానికి.

"ఆ పోస్టాఫీసాయన అడిగాడు," అంది చిలకమ్మ, రోడ్డు వైపు చూస్తూ. "గడి ఖాళీగా ఉంచకూడదన్నాడు. ఏదో ఒకటి రాయాలి గదా అని సెప్పాను."

నోటరీ భోజనానికి పోయాడు. అర్జునరావు పరిగెత్తి, పెరుగన్నం చెయ్యితోనే లాక్కొచ్చాడు. ముద్ర పడేసరికి రెండూ ముప్పావు. గుణశేఖర్ కొత్త కాగితాలు తీసుకుని, రెండు గళ్ళూ పక్కపక్కన చూసి, "నీకన్నా ఆవిడకే ఎక్కువున్నాయి కదయ్యా," అన్నాడు. ఎల్లారావు అంత గర్వంగా ఎప్పుడూ తల ఊపలేదు. పాతది చింపి కొత్తది అంటించారు. చిలకమ్మ అర్జునరావు చేత మొదట్నించి చివరిదాకా మళ్ళీ చదివించుకుని, పెనాలు వచ్చాక సరేనంది.

మూడు కొట్టింది. ఆఫీసు తలుపులు మూశారు. మద్దిలపాలెం బస్సు వస్తోంది.

"ఇంటికొత్తావా?" అన్నాడు ఎల్లారావు.

"ఏ ఇంటికి? ఆ పేటలో అడుగెట్టను."

"పోనీ నానే వత్తాను."

"ఎప్పుడు? ఎమ్మెల్యే అయ్యాకా? నీ సుట్టూ ఆ పెద్దోళ్ళే ఉంతారు. ఆళ్ళు దగ్గితే నీ నోరు పడిపోద్ది మళ్ళీ." బస్సు మెట్టు మీద కాలు పెట్టి, మోకాలు పట్టుకుని పైకెక్కింది. ఎక్కాక వెనక్కి తిరిగింది. "గెలిత్తే రాకు. ఓడిపోతే రా. అట్టు పెడతాను. డబ్బులు పుచ్చుకోను."

వెనకే ఎక్కిన అర్జునరావు, డ్యూటీ కాకపోయినా, అలవాటుగా విజిలేశాడు.

బస్సు మలుపు తిరిగి, పొగ కూడా చెదిరిపోయేదాకా ఎల్లారావు అక్కడే నిలబడ్డాడు. తరవాత మెల్లగా టార్పాలిన్ దగ్గరికొచ్చాడు. శ్రీరామ్మూర్తి మిషనుకి గుడ్డ కప్పుతున్నాడు.

"బాబూ, ఓడిపోవాలంటే ఏటి సెయ్యాల?"

ముప్పై ఏళ్ళ సర్వీసులో గాని, రిటైరయ్యాక వచ్చిన ఎన్నికల్లో గాని ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు.

"శుక్రవారం ఇత్‌డ్రా సేసుకుంటే ఓడిపోయినట్టేనా?"

"కాదు. తప్పుకున్నవాడికి ఓటమి ఎక్కడిది? ఓడిపోవాలంటే నిలబడాలి."

"నిలబడితే సాలా?"

"నీకు చాలు. మిగతాది జనం చూసుకుంటారు."

ఎల్లారావు జేబులోంచి తేదీ లేని ఆ ఇత్‌డ్రా ఫారం తీసి, మడతలు సాపుచేసి, బల్ల మీద పెట్టాడు. "వెనకేపు తెల్లగా ఉంది బాబూ. మీకు పనికొత్తాది."

"మరి మీ పెద్దాయనకేం చెప్తావు?"

"నాను ఇత్‌డ్రా సేసుకోనని సెప్తాను. ఇప్పుడే ఎల్లి సెప్తాను." రెండడుగులు వేసి వెనక్కొచ్చాడు. "ఓట్లు లెక్కెట్టేదెప్పుడు?"

"మే నెలలో. రెండో వారం."

ఎల్లారావు బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే ముట్టుకుంటూ లెక్కపెట్టాడు. ఒక చెయ్యి అయిపోయింది, రెండో చెయ్యి అయిపోయింది, మళ్ళీ మొదటి చేతికొచ్చాడు.

"అబ్బ," అన్నాడు. "అన్ని రోజులా బాబూ?"